ఊరి వ్యయము – ఊరివారి లెక్క
చీరాల-పేరాల కథ మనకు నేర్పునది

రైతు తన యింటి వ్యవహారమున ముందుగా ఆదాయమును చూచుకొని తరువాత వ్యయమును నిర్ణయించుకొనును. గాదెలోనికి ఎన్ని బస్తాలు చేరినవి, విత్తనములకు ఎంత తీసిపెట్టవలయును, అప్పువారికి ఎంత చెల్లింపవలయును, ఇంటిల్లిపాదికి తిండికై ఎంత మిగులును అని లెక్క చూచిన పిమ్మటనే పిల్ల పెండ్లిమాట గాని ఇల్లు బాగుచేయించు మాట గాని తలపెట్టును. ఊరి వ్యవహారమునందును, రాష్ట్ర వ్యవహారమునందును మాత్రము ఈ వరుస తరచుగా తలక్రిందగుచుండును. అచ్చట ముందు వ్యయము నిర్ణయమగును. తరువాత దానికి చాలినంత పన్ను వెదకబడును. పన్ను చాలనియెడల అప్పు చేయబడును. ఆ యప్పునకు వడ్డీ మరల పన్నుగానే మన గడపకు వచ్చును.

ఈ వరుసను సరిచేయుటకు సామాన్యజనులు తమంత తాముగ పూనుకొన్న సందర్భములు అన్ని దేశములందును గలవు. మన తెలుగునాటనే, నూరు సంవత్సరములకు పూర్వము, నేతగాండ్రును చిన్న రైతులును నివసించు రెండు పల్లెలవారు ఇట్టి ప్రయత్నమొకటి చేసిరి. చీరాల-పేరాల పేరు వినని తెలుగువాడు లేడు. అయినను దానిని స్వరాజ్యోద్యమములోని ఒక సాహసకార్యముగ మాత్రమే మనము తలచుచున్నాము. దాని మూలమున ఉన్న ప్రశ్న పన్ను ప్రశ్న. "మాకు అక్కరలేని దొరతనమును మా ఖర్చుతో మాపై ఏల పెట్టెదరు?" అని ఆ పల్లెలవారు అడిగిరి. సహకార సంఘ సభ్యులమైన మనకు ఆ ప్రశ్నయు, దానికి వారు పడిన పాటును, తుదకు వారు పొందిన ఫలితమును తెలిసియుండుట మేలు.

నాలుగు వేలు, నలుబది వేలు

ఇప్పుడు బాపట్ల జిల్లాలో నున్న చీరాల, ఆ దినములలో గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోనిది. చీరాల, పేరాల మొదలగు పల్లెలు కలిసి ఒక యూనియనుగా ఉండెడివి. యూనియను అనగా స్థానికసంస్థలలో మిగుల చిన్నది. చెన్నపట్టణపు ప్రభుత్వము 1884లో చేసిన స్థానిక సంస్థల శాసనము ననుసరించి ఏర్పడునది. వీథులు ఊడ్పించుట, దీపములు పెట్టించుట, బావులను చూచుట, ఇంటిపన్ను వసూలు చేయుట, ఇంతమాత్రమే దాని పని. నాలుగూళ్ల జనసంఖ్య రమారమి 15,000. యూనియనునకు వసూలగు పన్ను సాలున దాదాపు 4,000 రూపాయలు.

1919లో ప్రభుత్వమువారు ఈ పల్లెలను కలిపి మునిసిపాలిటీగా మార్చ నిశ్చయించిరి. ఊరు పెరుగుచున్నది, ఆరోగ్యసదుపాయములు చాలవు, మంచినీటి యేర్పాటు కావలయును అనునవి వారు చూపిన కారణములు. జనులు దీనికి ఒప్పుకొనలేదు. తమ బావులలో నీరు సమృద్ధిగ ఉన్నదనియు, తమ వీథులను తాము శుభ్రముగనే ఉంచుకొనుచున్నామనియు, పట్టణమునకు తగిన హంగులను భరించు శక్తి తమకు లేదనియు అర్జీలు పెట్టుకొనిరి. మునిసిపాలిటీ అయినచో పన్ను ఇంచుమించు 40,000 రూపాయలకు పెరుగునని లెక్క తేలెను. నాలుగు వేలు నలుబది వేలగుట, అనగా పదిరెట్లు.

ఈ లెక్కను ఇంటికి దించి చూచిన దాని బరువు తెలియును. 15,000 మందికి 4,000 రూపాయలను పంచినచో తలకు నాలుగణాల మూడు పైసలు. అయిదుగురు గల కుటుంబమునకు సాలున ఒక రూపాయి అయిదణాల నాలుగు పైసలు. నలుబది వేలయినచో ఆ కుటుంబమునకే పదమూడు రూపాయల అయిదణాల నాలుగు పైసలు. మగ్గముపై కూర్చుండి నేసిన బట్టను సంతలో అమ్ముకొని బియ్యము తెచ్చుకొను కుటుంబమునకు పండ్రెండు రూపాయలు అదనముగ చెల్లించుట ఎట్టిదో మనలో పెద్దలెరుగుదురు. ఆ ధనమునకు మారుగ తమకు వచ్చునదేమి? తాము అడుగని కచేరియు, తాము నియమింపని ఉద్యోగులును. వారికి తోచిన సమాధానమిది.

తగవు పెరిగిన విధము

అర్జీలు ఫలింపలేదు. మునిసిపాలిటీ ఏర్పడెను. జనులు పన్ను చెల్లించుట మానిరి. మునిసిపలు సభ్యులు రాజీనామాల నిచ్చిరి; ప్రభుత్వమువారు జీతముగల యధికారిని నియమించి వ్యవహారము నడిపించిరి. పన్ను చెల్లింపనివారిపై కేసులు పెట్టిరి. కొందరు చెరసాలకు పోయిరి. వారిలో ఒక స్త్రీ కూడ ఉండెను. పన్ను తగవులో ఆడుకూతురు చెరకు పోవుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ఊరివారి పట్టుదల దానితో మరింత బలపడెను.

ఈ సమయమున ఉద్యమమునకు నాయకుడైనవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. వారు 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమునకు అనువదించి 1917లో ప్రకటించిన పండితులు. అట్టివారు చీరాలలో నివాసమేర్పరచుకొని, నేతగాండ్రతోను రైతులతోను కలిసిమెలిసి, "రామదండు" అను స్వచ్ఛందసేవకుల దళమును సిద్ధపరచిరి. దండు అన్నంతమాత్రమున ఆయుధములు పట్టినది కాదు. క్రమము కాపాడుట, సభలు నడుపుట, అవసరమున్నవారికి సాయపడుట దాని పనులు.

1921 మార్చి చివరను బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. దాని వెంటనే, ఏప్రిలు 6వ తేదీన, గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఊరివారు తమ కష్టము చెప్పుకొనిరి. ఆయన వారికి రెండు మార్గములు చూపెను. శాంతముగ పన్ను నిరాకరించి, దానివలన వచ్చు శిక్షలను సహించుట ఒకటి. ఊరు విడిచి మునిసిపలు హద్దులకు వెలుపలికి పోవుట రెండవది. జనులు లేని ఊరికి మునిసిపాలిటీ యుండదు కదా! అయితే ఈ పని కాంగ్రెసు అండను నమ్ముకొని చేయదగినది కాదనియు, తమ స్వంత బాధ్యతపైననే చేయవలయుననియు ఆయన స్పష్టపరచెను.

రామనగరము

చీరాల-పేరాలవారు రెండవ మార్గమునే ఎన్నుకొనిరి. 1921 ఏప్రిలు-మే నెలల సంధిని, నడివేసవిలో, సుమారు 13,000 మంది, అనగా పదిమందిలో తొమ్మండుగురికి దగ్గరగా, ఇండ్లకు తాళములు వేసి, మునిసిపలు హద్దు దాటి, ఆవలి నేలలో పాకలు వేసికొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టిరి.

ఇందలి యుక్తిని మనము గుర్తింపవలయును. మునిసిపలు పన్ను హద్దులోని ఇంటిపైనను మనిషిపైనను పడునది. హద్దు దాటినవానిపై అది పడదు. వారు ఎవరిని కొట్టలేదు, కచేరిని తగులబెట్టలేదు, శాసనమును చాటుగ తప్పించుకొనలేదు. శాసనము గీచిన గీతకు ఆవల నిలుచుండి, "మేము మీ పట్టణమున లేము, మీ పట్టణపు ఖర్చు మాకు లేదు" అనిరి. పన్ను పుచ్చుకొనువాడు ఎంత బలవంతుడైనను పన్ను ఇచ్చువాడు లేనిదే నిలువజాలడని వారు చూపించిరి.

అయితే యుక్తి వేరు, కాపురము వేరు. మే నెల యెండకు పాకలలో పసిపిల్లలును ముసలివారును ఎట్లు తాళియుందురో ఊహించుకొనవచ్చును. తరువాత వానలు వచ్చినవి. సముద్రతీరపు గాలివానకు పాక ఎంతవరకు ఆగును? మగ్గములు తరలించుట, నూలు తడవకుండ కాచుకొనుట, అమ్మకము సాగించుకొనుట, ఇవన్నియు కష్టములే. మూడువంతుల సుఖము గల స్వంత ఇల్లు కన్నులయెదుట కనబడుచుండగా పాకలో నుండుట శరీరకష్టముకంటె మనఃకష్టము.

ఇట్లుండియు రామనగరము పదునొకండు నెలలు నిలిచెను. కావలి, పారిశుధ్యము, తగవుల పరిష్కారము మొదలగు పనులను జనులును రామదండువారును తామే చేసికొనిరి. మునిసిపాలిటీ మాకు వద్దన్నవారు మునిసిపాలిటీ చేయవలసిన పనిని స్వయముగ చేసి చూపుటయే రామనగరపు అసలు గొప్పతనము. ప్రభుత్వపు వ్యయము తగ్గింపుడని కేకవేయుట సులభము. ఆ వ్యయముతో జరుగుచున్న పనిని మన భుజముపై ఎత్తుకొనుట కష్టము. రెండవది చేయనివాని మొదటి మాటకు బలము లేదు.

తుది

ఆ యేటనే గోపాలకృష్ణయ్యగారు బరంపురమునకు పోయినప్పుడు వారు ఉపన్యసింపరాదని అధికారులు నిషేధించిరి. వారు దానిని లెక్కసేయలేదు. ఒక సంవత్సరము శిక్ష పడెను. తిరుచినాపల్లి చెరసాలకు పంపబడిరి. నాయకుడు లేకపోయెను, ధనము చాలలేదు, వానలలో పాకలు శిథిలమయ్యెను. 1922 మొదటి నెలలలో జనులు ఒక్కొక్కరుగ తమ యిండ్లకు మరలిరి. గోపాలకృష్ణయ్యగారు విడుదలయై మరల దేశసేవ చేసి, ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున, 1928 జూనులో దివంగతులైరి.

వారు ఓడిరా, గెలిచిరా? ఆ క్షణమున ఓడిరనియే చెప్పవలయును. కాని మన పక్షమునకు అనుకూలమైనంతవరకే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు గనుక ఇంకొక మాటయు చెప్పుచున్నాము. 1948లో చీరాలకు మరల మునిసిపాలిటీ వచ్చినది. నేడది పెద్ద పట్టణము. మంచినీరును, మురుగుకాలువలును అక్కరలేదని నేడక్కడ ఎవ్వరును అనరు. కావున 1919నాటి ప్రభుత్వము చూపిన కారణములన్నియు అబద్ధములని చెప్పుటకు వీలులేదు. వారి తప్పు పనిలో కాదు, పద్ధతిలో నున్నది. పన్ను చెల్లించువారిని అడుగక, వారి శక్తిని కొలువక, వారు కాదన్నను వినక, పదిరెట్ల భారమును ఒక్కసారిగ తలకెత్తుటయే తగవునకు కారణము.

వ్యయమెల్ల చెడ్డదా?

ఇచ్చట మన చదువరులలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. ప్రభుత్వవ్యయము ఎంత తగ్గిన అంత మేలని ఈ వ్యాసమున చెప్పుచున్నారా? చెప్పుటలేదు. గోదావరి కృష్ణా మండలముల రైతు ఆ మాట ఎన్నడును అనజాలడు. 1832-33లో నందననామ సంవత్సరపు కరవున గుంటూరు సీమ శ్మశానమైనది. అప్పటి కుంపిణీ దొరతనము నీటిపనులపై చేతులు ముడుచుకొని కూర్చుండినది. ఆ పొదుపు ఎవరికి మేలు చేసినది? పిమ్మట ఆర్థరు కాటనుగారు పట్టుబట్టి వ్యయము చేయించగా 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది. మూడేండ్లకు బెజవాడ ఆనకట్టయు ముగిసినది. ఆ రాతికట్టల క్రింద మన పెద్దలు తరతరములుగ అన్నము తినిరి.

కావున ప్రశ్న వ్యయము ఎక్కువా తక్కువా అని మాత్రమే కాదు. ఈ వ్యయమువలన కలుగు ఫలమెంత? దానిని భరించువా రెవరు? వారు ఒప్పుకొనిరా? ఒకసారి చేయు వ్యయమా, ఏటేట చేయవలసినదా? ఈ నాలుగింటికిని జవాబు చెప్పగలిగిన వ్యయము ఆనకట్ట వంటిది. చెప్పలేనిది చీరాల మునిసిపాలిటీ వంటిది.

ఇందు తుది ప్రశ్నను మనము సామాన్యముగ మరచుచుందుము. ఊరికి ఒక నీటితొట్టి కట్టించెదమందురు. అందరము సంతోషింతుము. కట్టుట ఒకనాటి వ్యయము. దానికి ధనము పైనుండి వచ్చును. కాని మోటారునకు కరెంటు ఖర్చు, కావలివానికి జీతము, గొట్టములు పగిలినప్పుడు మరమ్మతు, ఇవి ఏటేటి వ్యయములు. వీనిని గూర్చి శంకుస్థాపననాడు ఎవ్వరును మాటలాడరు. అయిదేండ్ల పిమ్మట మోటారు చెడి, తొట్టి ఎండి, పావురములకు నివాసమగును. ధనమును పోయెను, నీరును లేకపోయెను.

లెక్క అడిగినవారి గెలుపు

చీరాల జరిగిన ఏడేండ్లకు, 1928లో, ఘూర్జరదేశమున సూరతు జిల్లా బార్డోలీ తాలూకా రైతులు ఇట్టి ప్రయత్నమే చేసిరి. బొంబాయి ప్రభుత్వము అక్కడి భూమిశిస్తును నూటికి ముప్పది చొప్పున పెంచదలచి, పిమ్మట ఇరువదిరెండునకు దిగెను. రైతులు వల్లభభాయి పటేలుగారి నాయకత్వమున ఫిబ్రవరి 12వ తేదీనుండి పెంపును నిరాకరించి శిస్తు నిలిపివేసిరి. పశువులు జప్తయినవి, భూములు వేలమునకు వచ్చినవి. వారు చలింపలేదు.

అయినను వారు మొదటినుండి అడిగినది శిస్తు ఎత్తివేయుడని కాదు. పెంపునకు ఆధారముగ చూపిన లెక్కలను నిష్పక్షపాతముగ విచారింపుడని మాత్రమే వారు కోరిరి. న్యాయమైన లెక్క ఏది తేలిన దానిని చెల్లించెదమనిరి. ఇంత మితమైన కోరికను కాదనుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు. ఆగస్టు నెలలో రాజీ కుదిరెను. బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ అను ఇద్దరు ప్రభుత్వోద్యోగులే గ్రామగ్రామము తిరిగి విచారించిరి. పెంపునకు పునాదియైన కౌలు లెక్కలు నమ్మదగినవి కావని వారు తేల్చిరి. ఇరువదిరెండు ఉండవలసిన చోట నూటికి ఆరు మాత్రమే, సరిగ చెప్పవలెనన్న 6.03, పెంపదగునని 1929లో నివేదించిరి.

చీరాలవారి త్యాగము బార్డోలీవారి త్యాగమునకు తీసిపోవునది కాదు. అయినను ఫలితమున తేడా వచ్చినది. దీనికి కారణములు పెక్కు గలవు. బార్డోలీకి దేశమంతటినుండియు ధనసహాయము వచ్చినది, నాయకుడు తుదివరకును చెరబయటనే యుండెను. కాని మనకు ముఖ్యమైన కారణమొకటి గలదు. చీరాలవారు "కాదు" అనిరి. బార్డోలీవారు "లెక్క చూపుడు" అనిరి. కాదన్నవానిని మొండివాడని తోసివేయవచ్చును. లెక్క అడిగినవానికి ఏదో ఒకనాడు లెక్క చూపకతప్పదు.

మన సంఘముల ముచ్చట

ఇంతవరకు ప్రభుత్వమును గూర్చి చెప్పితిమి. ఇట్టి కథయే మన సహకార సంఘములందును జరిగినది. అది మనకు మరింత దగ్గర.

మనదేశమున సహకార శాసనము మొదట 1904లో వచ్చెను. రైతులు తమ కొద్దిపాటి సొమ్మును కలుపుకొని షావుకారి వడ్డీనుండి బయటపడుట దాని ఉద్దేశము. 1954లో వెలువడిన అఖిలభారత గ్రామీణ ఋణ విచారణ నివేదిక, సంఘములలో ప్రభుత్వము వాటాదారుగ చేరవలయునని సలహా చెప్పెను. సలహా మంచి తలంపుతో చెప్పినదే. సంఘములు మిగుల పేదవిగ ఉండెను. కాని వాటాధనము వెంట వాటాదారు అధికారమును వచ్చెను. మన రాష్ట్రమున 1964 శాసనము క్రింద, సభ్యులెన్నుకొన్న పాలకవర్గమును రద్దుచేయుటకును, ఎన్నికలు వాయిదా వేయుటకును, దాని స్థానమున పర్సన్ ఇన్‌చార్జిని కూర్చుండబెట్టుటకును ప్రభుత్వమునకు అధికారము కలిగెను. సభ్యుడు తన సంఘమున తానే అతిథియయ్యెను. సంఘము సర్కారుదే కదా యను భావము కలిగిన పిమ్మట అప్పు తీర్చవలయునను పట్టుదలయు సడలెను.

అన్ని సంఘములును ఇట్లు కాలేదు. అప్పటి కరీంనగరము జిల్లా ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యుల పొదుపుపైనను, సభ్యుల వ్యాపారముపైనను ఆధారపడి పెరిగెను. అచ్చటనే 2002లో స్త్రీల పాల సహకార సంఘము పుట్టెను. ఇట్టి అనుభవమును ఆధారముగ గొని, హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వారును, పల్లెలలోని సంఘముల పెద్దలును ఏండ్ల తరబడి ఒకే మాట చెప్పుచు వచ్చిరి. ప్రభుత్వపు సొమ్ము తీసుకొనని సంఘముపై ప్రభుత్వపు పెత్తనము ఉండరాదు అనునదే ఆ మాట.

ఆ కృషి ఫలించి 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘముల శాసనము వచ్చెను. ప్రభుత్వపు వాటాధనము లేని సంఘములు తమ నియమావళిని తామే వ్రాసికొని, తమ పాలకవర్గమును తామే ఎన్నుకొని, తమ లెక్కలకు తామే బాధ్యులగుటకు అది దారి తీసెను. 1996లో బీహారును, 1997లో కర్ణాటకమును ఇట్టి శాసనములు చేసినవి. మన రాష్ట్రమే ఇందు ముందుండుట మనకు గర్వకారణము.

ఇందలి నీతి రామనగరపు నీతియే. అధికారిని దూరముగ ఉంచవలెనన్న అతని సొమ్ము లేకుండ మన పని మనము చేసికొనవలయును. ఎవని సొమ్మో వానిదే పెత్తనము. ఇది లోకధర్మము, దీనికి వగచి లాభము లేదు. ఉచితమని చేయి చాచినప్పుడే చేతికి సంకెల పడుచున్నదని ఎరుంగుట వివేకము.

మనము చేయదగినది

రైతు సోదరులారా! నేడు మనము ఊరు విడిచి పాకలలో కాపురముండవలసిన పనిలేదు. చీరాలవారికి లేని సాధనములు మనకు గలవు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానమిచ్చినది. 2005నాటి సమాచారహక్కు చట్టము ఏ కచేరిలోని లెక్కయైనను వ్రాతమూలముగ అడుగుటకు మనకు హక్కు నిచ్చినది. ముప్పది దినములలో వారు జవాబీయవలయును. ఈ చట్టముకూడ పైనుండి దయతో ఊడిపడినది కాదు. 1994 డిసెంబరునుండి రాజస్థానపు పల్లెలలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను కూలీల, రైతుల సంఘమువారు పంచాయతీ బిల్లులను ఊరివారి యెదుట బిగ్గరగ చదివించిరి. కట్టని కట్టడములకును, పనికి రాని కూలీల పేరను సొమ్ము వ్రాసినట్లు ఊరివారే సాక్ష్యము చెప్పిరి. దేశవ్యాప్తమైన చట్టము అట్టి సభలనుండి మొలకెత్తినది.

సాధనములు గలవు, వానిని పట్టుకొను చేతులు చాలవు. మన సర్వసభ్య సమావేశములలో తరచుగ కనబడునది ఏమనగా, కార్యదర్శి ఆయవ్యయ పట్టికను వడివడిగ చదువుచుండును, సభ్యులు ధరలను గూర్చియు, వానలను గూర్చియు తమలో తాము మాటలాడుకొనుచుందురు, "అందరికి సమ్మతమేనా?" అని ప్రశ్న వచ్చును, కాఫీ వచ్చుటతో సమ్మతమును వచ్చును. పుస్తకము చేతులు మారును, సంతకములు పడును. ఇట్టి సభ్యుడు రేపు పంచాయతీని గాని, రాష్ట్రప్రభుత్వమును గాని దుబారా చేయుచున్నారని నిందించినచో ఎవరు వినవలయును? తన వంద రూపాయల వాటాకు లెక్క అడుగనివాడు లక్షల కోట్లకు లెక్క అడుగగలడా?

కావున ఈ సంవత్సరపు సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి సభ్యుడును నాలుగు ప్రశ్నలను వెంట తెచ్చుకొనవలయునని కోరుచున్నాము. నిరుడు ఖర్చు చేసెదమనుకొన్నదెంత, చేసినదెంత? ఈ యేడు క్రొత్తగ పెట్టదలచిన ఖర్చులలో ఒకనాటివి ఏవి, ఏటేటివి ఏవి? జీతములకును, ప్రయాణములకును, సన్మానములకును పోయిన భాగమెంత, సభ్యుని పొలమునకు చేరిన భాగమెంత? ఈ పనిని డబ్బు లేకుండగనో, తక్కువ డబ్బుతోనో మనమే చేసికొనగలమా? జవాబు తెలిసిన పిమ్మట మాత్రమే చేయి ఎత్తవలయును. గ్రామసభయందును ఈ నాలుగు ప్రశ్నలే అడుగవలయును.

అడుగునప్పుడు మర్యాద విడువరాదు. లెక్క అడుగుట నింద వేయుట కాదు. నిజాయితీగల కార్యదర్శికి లెక్క అడుగు సభ్యుడే అండ. అడుగువాడు లేనిచోటనే మంచివాడును కాలక్రమమున మందుడగును. అట్లే, లెక్క సరిగ నున్నదని తేలినప్పుడు చెల్లింపవలసినది గడువులోపల చెల్లించుటయు మన ధర్మమే. న్యాయమైన లెక్క తేలిన చెల్లించెదమన్న మాటవలననే బార్డోలీవారికి బలము కలిగినది. బాకీ ఎగవేయువానికి పొదుపును గూర్చి మాటలాడు హక్కు లేదు.

నూరేండ్ల క్రిందట పదమూడు వేలమంది తమ యిండ్ల తాళముచెవులు మొలను కట్టుకొని యెండలో నడచిరి. తమ నోటిమాట ఎవరును వినకపోవుటచేత వారు కాళ్లతో చెప్పవలసివచ్చినది. మనకు నోటితో చెప్పు అవకాశము గలదు. సంవత్సరమున కొకసారి మన సంఘపు చావడిలో, కొన్నిమారులు మన గ్రామసభలో. ఆ దినమున పొలముపని గంటసేపు ఆగినను నష్టము లేదు. రండు, లెక్కల పుస్తకము విప్పించుడు, తుదివరకు వినుడు, అటుపిమ్మట సంతకము చేయుడు.